టిక్కెట్టు కొన్నాం సరే... తినేదెక్కడ?

సెలవులొస్తే చాలు, పిల్లలు థీమ్‌పార్కు అంటారు. పెద్దవాళ్లు బడ్జెట్ అంటారు. మధ్యలో అందరూ మర్చిపోయేది ఒక్కటే... మధ్యాహ్నం భోజనం!

ఆదివారం పొద్దున అడిక్‌మెట్‌లో సంచి పట్టుకుని బయటికొచ్చిన వాళ్లలో సగం మంది రాంనగర్ చేపల మార్కెట్‌కే వెళ్తారు. ఆ ఆదివారం మాత్రం మా ఇంట్లో చేపల ఊసే లేదు. నాలుగున్నరకే కుక్కర్ కూత వేసింది. పులిహోర, పెరుగన్నం, అత్తయ్యకు విడిగా రెండు జొన్నరొట్టెలు, బీరకాయ కూర. నాలుగు గిన్నెల క్యారియర్ నిండింది. ఏడింటికల్లా టిఫిన్లు కానిచ్చి, అత్తయ్య ఇన్సులిన్ కూడా చేసుకుని, కారెక్కేశాం. ఊరి బయట ఓ పార్కు. పిల్లలు నెల రోజుల్నించి కలవరిస్తున్నారు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను క్యారియర్ చూశాడు. ‘బయటి తిండి లోపలికి రానివ్వం మేడం’ అన్నాడు. బతిమాలితే టోకెన్ ఇచ్చి పక్కన పెట్టాడు. లోపల ఏదో ఒకటి తినొచ్చులే అనుకున్నాం. ఒక రైడ్ అయ్యాక ఇంకో రైడ్. ఒంటిగంటన్నరకు తీరా హోటల్ దగ్గరికొస్తే కూపన్ల కోసం కొండవీటి చాంతాడంత క్యూ. మావారు అందులో నిలబడ్డారు. ఈలోగా అత్తయ్య ముఖం పాలిపోయింది. చెమటలు. చేతులు వణుకు. ‘అమ్మాయ్, కళ్లు తిరుగుతున్నాయే’ అంటూ గట్టు మీద కూలబడిపోయారు.

పక్కనున్న ఎవరో పెద్దాయన తన చేతిలోని మామిడి రసం సీసా అందించారు. అది తాగిన పది, పదిహేను నిమిషాలకు అత్తయ్య తేరుకున్నారు. ఆ రోజు పిల్లలు ఎక్కాల్సిన రైడ్లు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చేశాం.

తప్పు గేటు దగ్గరి మనిషిదా? నిబంధన అతను పెట్టింది కాదు. ముందుగా ఒక్క ఫోన్ చేసి కనుక్కోని మాదీ తప్పే. అప్పట్నుంచీ మా ఇంట్లో ఓ పద్ధతి వచ్చింది. ఏ పార్కుకెళ్లినా, ముందు తినేదెక్కడో తేలాలి. తర్వాతే ఆడేది.

చెట్టు కింద పులిహోర

మా చిన్నప్పుడు ఈ గొడవ లేదు. 1963లో మొదలైన నెహ్రూ జూ పార్కుకు వెళ్తే ఏనుగును చూడ్డం ఎంత ముఖ్యమో, చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర తినడమూ అంతే ముఖ్యం. మనకు దగ్గర్లోని ఇందిరా పార్కూ అంతే. 1978లో జనానికి తలుపులు తెరిచినప్పట్నుంచి అశోక్‌నగర్, దోమలగూడ, చిక్కడపల్లి పిల్లలెందరో అక్కడి పచ్చికలోనే చిరుతిళ్ల డబ్బాలు ఖాళీ చేశారు.

థీమ్‌పార్కుల లెక్క వేరు. టిక్కెట్టు ఒక ఆదాయమైతే, తిండి ఇంకో ఆదాయం. అందుకే చాలాచోట్ల ఇంటి క్యారియర్‌కు ప్రవేశం లేదు. ప్రపంచమంతా ఒకే తీరు అనుకోకండి. అమెరికాలో 1955లో మొదలైన డిస్నీల్యాండ్‌లోకి ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, మద్యంలాంటివి కూడదంతే. అదే పేరుతో జపాన్‌లో ఉన్న టోక్యో డిస్నీల్యాండ్‌లోకి మాత్రం ఇంటి డబ్బాలు రానివ్వరు. కాకపోతే తెచ్చుకున్నది కూర్చుని తినడానికి గేటు బయటే జాగా ఏర్పాటు చేశారు.

ఇంకో ముచ్చట. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్ అనే పెద్ద థీమ్‌పార్కు పుట్టిందే భోజనం క్యూలోంచి! 1934లో ఆ పండ్ల తోట యజమాని భార్య కార్డీలియా నాట్, తన పెళ్లినాటి పింగాణీ పళ్లేల్లో ఎనిమిది మందికి కోడికూర భోజనం వడ్డించారు. ధర 65 సెంట్లు. ఆ రుచికి జనం బారులు తీరారు. గంటలకొద్దీ నిలబడేవాళ్లకు కాలక్షేపం కావాలని భర్త వాల్టర్ నాట్ 1940లో ఓ పాతకాలపు ఊరి సెట్టింగు కట్టడం మొదలెట్టారు. అదే పెరిగి పెరిగి పార్కయింది. అక్కడ తిండి కోసం ఆట పుట్టింది. మనమేమో ఆటలో పడి తిండి మర్చిపోతున్నాం!

ఫిల్మ్‌సిటీలో పన్నెండు కాకముందే

మళ్లీ ధైర్యం చేసింది ఆరు నెలల తర్వాత. ఈసారి రామోజీ ఫిల్మ్‌సిటీ. 1996లో మొదలైన ఈ సినిమా నగరం ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. విజయవాడ హైవే మీద, అడిక్‌మెట్ నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇక్కడ చూడాల్సినవి దూరదూరంగా ఉంటాయి. బస్సుల్లో తిప్పుతారు. అందుకే ‘ఆకలేస్తే అప్పుడు చూద్దాం’ అంటే కుదరదు. ఆకలేసే వేళకు మీరు ఏ సెట్టింగు మధ్యలో ఉంటారో!

తినడానికి చోట్లయితే ఒకటికి నాలుగున్నాయి. శాకాహారులకు చాణక్య. బిర్యానీ, మొఘలాయి రుచులు కావాలంటే ఆలంపనా. కౌబాయ్ సినిమా సెట్‌లో కూర్చుని బర్గర్లలాంటివి తినాలనుకునే పిల్లలకు గన్‌స్మోక్. భోజనం కలిపి ఉన్న టిక్కెట్లూ, లేని టిక్కెట్లూ ఉంటాయి కాబట్టి కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. మాలాగా రోజుకు మూడుసార్లు కొలిచినట్టు తినే పెద్దవాళ్లుంటే బఫే దండగ. పదో తరగతి పిల్లలుంటే అదే లాభం.

మేం పన్నెండు కాకముందే చాణక్యలో కూర్చున్నాం. జనం ఒంటిగంటకు వస్తారు. మనం గంట ముందు తింటే, వాళ్లు క్యూలో ఉన్నప్పుడు మనకు ఆటల దగ్గర ఖాళీ దొరుకుతుంది. అత్తయ్య వేళకు తిన్నారు. పిల్లలు గొణగలేదు. కిటుకు అంతే.

నీళ్లాట ఉంటే...

రావిర్యాల దగ్గర 2016లో మొదలైన వండర్‌లాలాంటి చోట్ల నీళ్లాటలు, తలకిందులు చేసే రైడ్లు రెండూ ఉంటాయి. అక్కడ ఎక్కడ తినాలన్నదాని కన్నా ఎప్పుడు తినాలన్నది ముఖ్యం. కడుపునిండా బిర్యానీ తిని గిరగిర తిరిగే రైడ్ ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఉత్త కడుపుతో ఎక్కినా వికారమే. పొద్దున ఇడ్లీలాంటి తేలికపాటి టిఫిన్. గిరగిర తిరిగేవన్నీ భోజనానికి ముందే. తిన్నాక ఓ గంట నీడలో కూర్చునే ప్రదర్శనలు. ఆ తర్వాత నీళ్లాటలు. ఈ వరస పాటిస్తే తడిబట్టలతో ఏసీ హోటల్లో వణుక్కుంటూ తినే బాధా తప్పుతుంది.

ఎండాకాలమైతే నీళ్ల సంగతి మరవొద్దు. చల్లని నీళ్లలో ఉన్నామన్న భ్రమలో దాహం తెలియదు. మజ్జిగ, కొబ్బరినీళ్లు ఏవి దొరికితే అవి గంటకోసారైనా తాగించాలి.

మన నుమాయిష్ ఉందిగా

థీమ్‌పార్కు అన్న మాట తెలియని రోజుల్నించీ మన ఊళ్లో ఆటా తిండీ కలిసున్న చోటు నాంపల్లి నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. మామూలుగా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. మెట్రోలో వస్తే గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే సరి. ఇక్కడ మిర్చి బజ్జీలు, హలీమ్, చేటంత అప్పడాలు తినకుండా జెయింట్ వీల్ ఎక్కితే వచ్చినట్టే కాదంటారు మా ఇంట్లో. అయితే పసిపిల్లలకు, పెద్దవాళ్లకు ఇంట్లోనే తినిపించి తీసుకెళ్లడం మేలు. రాత్రిపూట రద్దీలో కూర్చోవడానికి చోటు దొరకడం కష్టం. తిరిగొచ్చేటప్పుడు బజ్జీలతో సరిపెట్టుకోలేని వాళ్లుంటే నారాయణగూడ తాజ్‌మహల్‌లో ఇడ్లీ సాంబారో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చిలో బిర్యానీయో ఎలాగూ దారిలోనే!

అడిగే హక్కుంది

పార్కు లోపల కొనక తప్పదు కదా అని ఎంత చెబితే అంతా ఇచ్చేయక్కర్లేదు.

* ఒకే సీసాకు బయట ఒక ఎమ్మార్పీ, లోపల ఇంకో ఎమ్మార్పీ ముద్రించడానికి వీల్లేదు. ఈ నిబంధన 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు మాత్రం సేవలు కూడా అందిస్తాయి కాబట్టి ఎమ్మార్పీకి మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నీళ్ల సీసా దుకాణంలో కొనడమే నయం.

* సర్వీస్ ఛార్జీ బిల్లులో తనంతట తానుగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

* బయటి తిండిని ఆపే హక్కు సినిమా హాళ్ల యజమానులకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తగుమాత్రం ఆహారం తీసుకెళ్తే అడ్డుచెప్పకూడదనీ అంది. అది థియేటర్ల గురించి ఇచ్చిన తీర్పు. పార్కుల్లో పసిపిల్లలకు, రోగులకు ఏ మినహాయింపు ఉందో టిక్కెట్టు కొనేముందే ఫోన్ చేసి అడగండి. డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి.

* ఆహారం అమ్మేచోట 14 అంకెల లైసెన్సు నంబరు కనిపించాలి. వినియోగదారులుగా మీకు అన్యాయం జరిగిందనిపిస్తే 1915కు ఫోన్ చేయొచ్చు.

షుగర్ ఉన్నవాళ్లతో వెళ్తుంటే

ఇన్సులిన్ తీసుకున్నాక భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పైగా నడక కూడా ఎక్కువ. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపో, సగం గ్లాసు పళ్లరసమో ఇవ్వాలి. చాక్లెట్ కన్నా ఇవి త్వరగా పనిచేస్తాయి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ప్రయాణం రోజు మందు ఎంత, ఎప్పుడు అన్నది ముందురోజే డాక్టర్‌ను అడిగితే మంచిది.

ఇప్పుడు మా అత్తయ్య చేతిసంచిలో గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ ఉంటుంది. ఫిల్మ్‌సిటీ నుంచి తిరిగొస్తుంటే అడిగాను, ‘ఏం నచ్చిందత్తయ్యా?’ అని. రాజమహళ్లో, తోటలో చెబుతారనుకున్నా. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘వేళకు అన్నం పెట్టావే, అదే’ అన్నారు.

వెనక సీట్లోంచి మా చిన్నాడు వెంటనే అందుకున్నాడు. ‘నానమ్మా, మరి నుమాయిష్‌కు ఎప్పుడు?’