గట్టు దిగితే తోక తగులుతోందా?

• ఎత్తు పెంచడమే మందు కాదు
• వెనుక వేలాడేవి సర్దితే సగం కష్టం తీరినట్లే

సింధనూరు: కాలువ గట్టు మీద నుంచి జీపు పొలంలోకి దిగుతుంది. ముందు చక్రాలు చదునుకు చేరాయి. హమ్మయ్య అనుకునే లోపే వెనుక ‘ధడ్‌’మని చప్పుడు. బంపరు గట్టును గీరేసింది. ట్రాలీ తగిలించే హుక్కు గునపంలా మట్టిలో దిగబడింది. సైలెన్సరు గొట్టం నొక్కుకుపోయింది. నల్లరేగడి తడిసి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ట్రాక్టరు వచ్చి లాగితే తప్ప బండి కదలదు. సింధనూరు, మాన్వి తాలూకాల్లో ఆయకట్టు కింద సేద్యం చేసేవారికి ఇదేమీ కొత్త కాదు.

తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయ్యింది. ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి రైతులు ఇటు వచ్చారు. ఊరూరా క్యాంపులు వెలిశాయి. ఎరువు బస్తా, పురుగుమందు డబ్బా, డీజిల్‌ క్యాను... ఏది పొలానికి చేరాలన్నా గట్టు ఎక్కి దిగాల్సిందే. తోక తగలగానే చాలామంది చేసే పని ఒక్కటే. మెకానిక్కు దగ్గరికెళ్లి బండిని ఇంకాస్త పైకి లేపమంటారు. డబ్బులు పోతాయి. తోక మాత్రం మళ్లీ తగులుతూనే ఉంటుంది.

దారం పెడితే తెలిసిపోతుంది

వెనుక టైరు నేలను తాకే చోట దారం ఒక కొస పట్టుకోవాలి. రెండో కొసను బండి వెనక్కి లాగి మెల్లగా పైకెత్తాలి. మొదట ఏ వస్తువు తగిలిందో అదే గట్టుకూ తగులుతుంది. అప్పుడు దారానికి, నేలకు మధ్య ఉన్నదే డిపార్చర్‌ యాంగిల్‌. దిగుడు కోణం అనుకోవచ్చు. గట్టు వాలు అంతకన్నా నిటారుగా ఉంటే దెబ్బ తప్పదు. దిగేటప్పుడు తోక గట్టుకు తగులుతుంది. ఎక్కేటప్పుడు ముందు భాగం లేచి, తోక కింది నేలకు తగులుతుంది.

లెక్క తేలికే. హుక్కు నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తులో, టైరుకు 80 సెంటీమీటర్లు వెనుక ఉందనుకుందాం. కోణం 27 డిగ్రీలకు లోపే. బండిని 5 సెంటీమీటర్లు లేపితే 29 డిగ్రీలు దాటుతుంది. అసలు లేపకుండా హుక్కునే 20 సెంటీమీటర్లు లోపలికి జరిపితే 33 డిగ్రీలు దాటేస్తుంది. అంటే లేపడం కన్నా తోక కురచ చేయడమే మేలు.

కంపెనీల బండ్లూ ఇదే చెబుతున్నాయి. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌ 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దిగుడు కోణం 36.8 డిగ్రీలు. 2023లో వచ్చిన ఐదు డోర్ల మారుతీ జిమ్నీ ఎత్తు 210 మిల్లీమీటర్లే. అయినా కోణం 47 డిగ్రీలు. ఎత్తు తక్కువ, కోణం ఎక్కువ! వెనుక చక్రం దాటి బయటికొచ్చిన భాగం పొట్టిగా ఉండటమే కారణం.

మొదట వీటిని చూడండి

బండితో వచ్చినవి కాక, తర్వాత మనం బిగించుకున్నవే ఎక్కువగా తగులుతుంటాయి. ఇనుప పైపు బంపరు, వెనుక ఫుట్‌బోర్డు, ట్రాలీ హుక్కు. అవసరం లేనివి తీసేయాలి. హుక్కు కావాలంటే పని ఉన్నప్పుడు తగిలించి, తర్వాత ఊడదీసే రకం పెట్టుకోవచ్చు. స్టెప్నీ టైరు అడుగున వేలాడుతుంటే గొలుసు బిగుతుగా ఉందో లేదో చూసుకోవాలి.

ఆ తర్వాత కమాన్‌ కట్టలు. ఏళ్ల తరబడి బస్తాలు మోసి అవి వంపు పోయి చదునైపోతాయి. తోక కిందికి వాలిపోతుంది. కొత్తగా ఎత్తు పెంచనక్కర్లేదు, పాత ఎత్తు తిరిగొస్తే చాలు. అరిగిన పట్టీలు మార్పిస్తే సరిపోతుంది. కొలత మాత్రం ఖాళీ బండికి కాదు, రోజూ మోసే బరువు వేసి తీసుకోవాలి.

సైలెన్సరు గొట్టం తగులుతోందని సగానికి కోయించేవారూ ఉన్నారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. పొగ బండి అడుగునే ఆగి లోపలికి చేరుతుంది. వెనుక కూలీలు కూర్చుంటే విషవాయువు పీల్చాల్సిందే. పొగ వెనక్కి గానీ, కుడి పక్కకు గానీ పోవాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి.

లేపితే వచ్చే చిక్కులు

స్ప్రింగులు లేపినా వెనుక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్‌ పైకి రాదు. అది లేవాలంటే పెద్ద టైర్లు వేయాలి. అదీ పెరిగిన వ్యాసంలో సగమే లేస్తుంది. ఈలోగా బండి బరువంతా పైకి చేరుతుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లం ఉన్న సన్నటి గట్టు మీద ఒరిగే ముప్పు పెరుగుతుంది. బ్రేకు పైపులు సాగుతాయి, ప్రొపెల్లర్‌ షాఫ్టు కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి.

చట్టమూ ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలు కల్పించారు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ రావచ్చు.

పారతో అయ్యే పని

అన్నింటికన్నా చవకైన వైద్యం బండిలో లేదు, గట్టు మొదట్లో ఉంది. వాలు నేలను కలిసే మూల దగ్గర నాలుగు తట్టల మొరం పోసి గట్టిపరిస్తే నిటారు కాస్తా తగ్గుతుంది. కాలువ గట్టును మాత్రం తవ్వకూడదు. గండి పడితే మన పొలమే కాదు, పక్కోళ్లవీ మునుగుతాయి. కింద మట్టి పోయడమే తప్ప పైన గీకడం వద్దు. నాట్ల రోజుల్లో దిగబడిన జీపు దారికి అడ్డంగా నిలిస్తే వెనుక వచ్చే నారు ట్రాక్టరూ ఆగిపోతుంది. మెకానిక్కు దగ్గరికెళ్లే ముందు ఓసారి దారం పెట్టి చూసుకుంటే పోయేదేమీ లేదు.