చీటీమీది ధర, చేతిలోని బిల్లు

చిలకలూరిపేట నుండి ఒంగోలు పోవు రహదారిమీద మార్టూరు కలదు. గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్ముకొని వచ్చినవారు, ప్రత్తి తూచి వచ్చినవారు, చుట్టుప్రక్కల పల్లెలవారు నెల సరకులకు ఈ ఊరి బజారునకు వచ్చుచుందురు. ఇటీవల మేము అక్కడ ఒక సరకుల దుకాణములో నిలిచియుండగా ఒక తగవు జరిగినది. తగవు చిన్నదే కాని, అందులోని ప్రశ్న చిన్నది కాదు.

ఒక వృద్ధురాలు కిలో కందిపప్పు పొట్లములు రెండు తీసికొని కౌంటరు వద్దకు వచ్చినది. ఆ పొట్లములున్న అరకు అతికించిన అట్టముక్కమీద 128 రూపాయలని ఎఱ్ఱసిరాతో వ్రాసియున్నది. బిల్లులో మాత్రము ఒక్కొక్కటి 146 చొప్పున పడినది.

“అక్కడ నూట ఇరవై ఎనిమిదని రాసుంది గదయ్యా, ఈ నూట నలభై ఆరేంది?” అని ఆమె అడిగినది.

“ఆ అట్ట పక్క రకానిది పెద్దమ్మా. అయినా పొట్లం మీద చూడు, నూట అరవై ఉంది. మేము తగ్గించే ఇస్తున్నాం” అని కుర్రవాడు బదులు చెప్పినాడు.

“పొట్లం మీది లెక్క నాకెందుకు నాయనా? మీరు రాసిన లెక్క చూసే గదా నేను తీసుకుంది!”

వెనుక వరుసలోనివారు రెండు పక్షములైరి. 36 రూపాయల కొరకు ఇంత రభసయా అని కొందరు విసుగుకొనిరి. వ్రాసిన మాట తప్పవచ్చునా అని కొందరు ఆమెను సమర్థించిరి. కుర్రవాడు అబద్ధమాడలేదు, వృద్ధురాలును అబద్ధమాడలేదు. ఒకే వస్తువునకు పొట్లముమీద 160, అరమీద 128, బిల్లులో 146 అని మూడు ధరలు కనబడుచున్నవి. వీనిలో ఏది ధర?

మన పెద్దల కాలమున ఈ చిక్కు అంతగా లేదు. ఏలనన ధరచీటీయే అరుదు. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చుకొనెడివారు. బట్టల వర్తకుడు తాను కొనిన ధరను తానుమీద పరులకు తెలియని గుర్తులతో వ్రాసికొనెడివాడు. ధర యనగా ఇరువురు నోటితో ఒప్పుకొనిన మాట. ఆ పద్ధతిలో గడసరికి ఒక ధర, అమాయకునకు ఒక ధర పలుకుచుండెను. అందరికిని ఒకే ధరయని వ్రాసి పెట్టు ఆచారము 19వ శతాబ్దమున పాశ్చాత్య దేశములలోని పెద్ద దుకాణములతో వ్యాపించినది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు వర్తకుడు జాన్ వానమేకర్ దీనిని ప్రచారమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు. ఈ ఆచారము అమాయకునకు మేలే చేసినది. కాని బేరముతోబాటు, ఎంతయని అడిగి, విని, సరేయని చెప్పు ఆ క్షణము కూడ పోయినది. నేడు ఆ క్షణమునకు బదులుగా చీటీ నిలిచియున్నది. అందుచేతనే చీటీలో తప్పు దొరలినప్పుడు కొనువారికి మోసపోయినట్లే తోచును.

ధర వ్రాసి వస్తువును అరలో పెట్టినంతనే ఆ ధరకు అమ్మి తీరవలెనా? 1953లో ఇంగ్లండులోని అప్పీలు న్యాయస్థానము ఇట్టి ప్రశ్ననే విచారించినది. కొనువారు తామే అరలనుండి వస్తువులు తీసికొను దుకాణములు అప్పటికి అచట క్రొత్తవి. బూట్స్ అను మందుల సంస్థ లండను సమీపమున అట్టి దుకాణమును నడపుచుండగా, అమ్మకము ఎచ్చట పూర్తియగునన్న వివాదము వచ్చినది. అరలో వస్తువునుంచుట బేరమునకు పిలుపు మాత్రమేననియు, దానిని తెచ్చి కొందునని చెప్పువాడు కొనుగోలుదారుడేననియు, డబ్బు పుచ్చుకొనుచోట అంగీకారము లభించినప్పుడే అమ్మకము కుదురుననియు న్యాయమూర్తులు తేల్చిరి. 1872 నాటి మన ఒప్పందముల చట్టము కూడ ప్రతిపాదన, అంగీకారము అను ఈ రెండు మెట్లమీదనే నిలిచియున్నది.

దీనినిబట్టి, డబ్బు చేతులు మారకముందు “ధర పొరబాటుగా వ్రాసితిమి” అని వర్తకుడు చెప్పవచ్చును. “అట్లయిన నాకక్కరలేదు” అని కొనువారు వస్తువును వదలి పోవచ్చును. డబ్బిచ్చి బిల్లు పుచ్చుకొని గడప దాటిన పిమ్మట సంగతి వేరు. ఒక్క పక్షమువారు పొరబడినంత మాత్రమున ఒప్పందము రద్దు చేయదగినది కాదని అదే చట్టములోని 22వ సెక్షను చెప్పుచున్నది. తక్కువ ధరకు బిల్లు వేసి డబ్బు పుచ్చుకొనిన వర్తకుడు మరునాడు వచ్చి తక్కినది ఇమ్మని నిలదీయుట తేలిక కాదు.

ఇంతవరకే చూచినచో చీటీకి విలువయే లేదేమోయని అనిపించును. ఆ లోటును తీర్చుటకే వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. మొదటి చట్టము 1986 నాటిది. దాని స్థానమున 2019లో చేసిన చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. ఇది నాలుగు విధముల ధరలను పేర్కొని, వానికి మించి పుచ్చుకొనిన ఫిర్యాదు చేయవచ్చునని చెప్పుచున్నది. చట్టము నిర్ణయించిన ధర మొదటిది. వస్తువుమీదగాని, దాని పొట్లముమీదగాని కనబరచిన ధర రెండవది. చట్టప్రకారము దుకాణములో ప్రదర్శించిన ధరల పట్టికలోనిది మూడవది. ఇరుపక్షములును ఒప్పుకొనిన ధర నాలుగవది. మార్టూరు దుకాణములోని అట్టముక్క వీనిలో దేనిక్రిందికి వచ్చుననుటలో వాదమునకు తావు కలదు. అదే ధరను పొట్లముమీదనే అంటించియున్నచో తావు లేదు.

పొట్లముమీద అచ్చువేయు ధర మాట వేరుగా చెప్పవలెను. పొట్లము కట్టిన సరకులపై వివరములు ముద్రింపవలెనని 1977లో నియమములు ఏర్పడినవి. పన్నులన్నియు కలిపిన గరిష్ఠ చిల్లర ధరను వేయు పద్ధతి 1990లో వచ్చినది. అదియే మనము నిత్యము ఎమ్మార్పీ యని పిలుచునది. ఇప్పుడు దీనిని పాలించునవి 2009 నాటి చట్టము, 2011 నాటి నియమములు. తూనికలు, కొలతల శాఖవారు వీనిని అమలుపరతురు. ఆ ధరకు మించి దుకాణదారు అమ్మరాదు. అచ్చు ధరను చెరిపివేయుట, అలికివేయుట, మార్చుట కూడదు. ధర తగ్గించుటకు చీటీ అంటింపవచ్చును గాని, అది అసలు ధరను కప్పివేయరాదు. కావున పాత అంకెను మూసివేసి పైన ఎక్కువ అంకెతో అంటించిన చీటీ కనబడినచో, అది నియమములకు విరుద్ధమని వెంటనే గుర్తింపవచ్చును. హోటలులో కూర్చుండి సేవలతో పుచ్చుకొను నీళ్లసీసాకు ఈ పరిమితి వర్తింపదని 2017 డిసెంబరులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఆ మినహాయింపును కిరాణా కొట్టునకు చెప్పుకొనుటకు వీలులేదు.

రెండు ధరల పొట్లము ఎల్లప్పుడును మోసము కాదు. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, తలనూనెలు మున్నగువానిపై జీఎస్టీ 18 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. పన్ను కాక 100 రూపాయల విలువగల సరకు, అంతకుముందు 118 రూపాయలకు రాగా, ఆ తరువాత 105 రూపాయలకు రావలెను. అప్పటికే అచ్చయిన సరకుపై తగ్గిన ధరను ముద్రగాగాని చీటీగాగాని వేయుటకు ప్రభుత్వము అనుమతించినది. అట్టి పొట్లముమీద రెండు అంకెలు కనబడినప్పుడు తక్కువదానినే చూచుకొనవలెను.

ఇక పండుగల తగ్గింపు అమ్మకములు. “నూటికి నలుబది తగ్గింపు” అన్న పలక చూచి లోనికి పోవునప్పుడు, దేనిలో నలుబది యని అడుగువారు తక్కువ. ఎమ్మార్పీ యనగా అమ్మదగిన గరిష్ఠ ధర; నిత్యము అమ్ముచున్న ధర యని దాని యర్థము కాదు. నిన్నటి వరకు 130 రూపాయలకు అమ్మిన సరకును, అచ్చులో 160 ఉన్నది గనుక నేడు 30 రూపాయలు తగ్గించితిమనుట తగ్గింపు కానేకాదు. సాధారణముగా అమ్మెడి ధరను గూర్చి ప్రజలను భ్రమపెట్టుటను చట్టము అనుచిత వ్యాపార పద్ధతులలో చేర్చినది.

మరియొక కిటుకు పన్నులో నుండెను. 2,000 రూపాయల చొక్కాకు 40 శాతము తగ్గించి 1,200 అని చెప్పి, బిల్లులో దానిమీద పన్ను చేర్చెడివారు. పన్ను 5 శాతమైన బిల్లు 1,260 అగును. ఎమ్మార్పీలో పన్నులన్నియు చేరియున్నప్పుడు, తగ్గించిన ధరపై మరల పన్ను వేయుట అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషను 2017 జనవరిలో తేల్చినది.

కందిపప్పులో ఈ తేడా 36 రూపాయలు. ఇదే తేడా మన ప్రత్తి రైతుల ఇండ్లలో పంటనే తాకినది. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి వచ్చిన తరువాత, 450 గ్రాముల విత్తనపు పొట్లము 1,600 రూపాయలకు పైగా పలికినది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్త వ్యాపారములను విచారించు కేంద్ర కమిషను ఎదుట ఫిర్యాదు చేసి, ఆ యేడు ధరను 750 రూపాయలకు దించినది. 2007లో ప్రత్తి విత్తనముల ధర నిర్ణయించుటకు రాష్ట్రము ప్రత్యేక చట్టమునే చేసినది. 2015 డిసెంబరులో కేంద్రము దేశమంతటికిని ఉత్తర్వు జారీచేసి, 2016లో బీజీ-2 పొట్లమునకు 800 రూపాయలు నిర్ణయించినది. 2025–26 పంటకాలమునకు ఆ ధర 901 రూపాయలు.

ధర అచ్చులో నిలిచినంత మాత్రమున అంగడిలో నిలువలేదు. తొలకరి పడగానే అందరును ఒకే రకము విత్తనము కావలెనని ఎగబడినప్పుడు, దానిని అచ్చు ధరకు మించి అమ్ముచున్నారన్న ఫిర్యాదులు ఏండ్ల తరబడి వినబడినవి. అట్టి అమ్మకములో పై సొమ్మునకు బిల్లుండదు. ఒక్కొక్కప్పుడు అసలు సొమ్మునకును ఉండదు. రైతునకు నష్టము ఆ పై సొమ్ముతో ఆగదు. విత్తనము మొలవకపోయినను, కాయ పట్టకపోయినను, ఏ పొట్లము ఎచ్చట కొన్నాడో చూపుటకు అతని చేతిలో కాగితముండదు. విత్తనములు కొనిన రైతు కూడ వినియోగదారుడేననియు, నష్టపరిహారము కోరవచ్చుననియు ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యములలో 2012 జనవరిలో సుప్రీం కోర్టు స్పష్టము చేసినది. ఆ హక్కును వాడుకొనుటకు మొదటి ఆధారము బిల్లే. ఖాళీ సంచిని కూడ పంట చేతికి వచ్చువరకు దాచుట మంచిది.

కావున ఇంట సరకులు తెచ్చువారు అలవరచుకొనదగినవి కొలదియే. అరమీది అట్టను చూచిన చేతితోనే పొట్లముమీది పేరును, తూకమును, ధరను చూడవలెను. 900 గ్రాముల పొట్లము కిలో పొట్లము ప్రక్కన ఒకే తీరుగా కనబడును. కౌంటరు వద్ద అంకెలు పడుచుండగానే గమనించి, తేడాయున్న డబ్బు చెల్లింపకముందే అడుగవలెను. అప్పుడు అడిగిన మాటకు తీసివేయుట, సరిచేయుట తేలిక; ఇల్లు చేరిన పిమ్మట అదే మాట ఫిర్యాదగును. బిల్లు అడిగి పుచ్చుకొనవలెను. బిల్లు ఇయ్యకపోవుటను కూడ 2019 చట్టము అనుచిత పద్ధతిగా ఎంచినది. వీలైన అరమీది చీటీని ఫోనులో ఫోటో తీసికొనుట మంచిది. మరునాటికి ఆ చీటీ అక్కడ ఉండకపోవచ్చును.

మాటతో తీరనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నంబరునకు ఫోను చేయవచ్చును. అచ్చు ధరకు మించి అమ్మిన సంగతి తూనికలు, కొలతల శాఖవారికి తెలుపవచ్చును. అటుపైన జిల్లా వినియోగదారుల కమిషను కలదు. ఫిర్యాదు రెండేండ్లలోపల చేయవలెను. చెల్లించిన మొత్తము అయిదు లక్షల రూపాయల వరకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనన్న నిర్బంధమును లేదు.

ఒక మాట వర్తకులతో కూడ చెప్పవలసియున్నది. ధరలు వారము వారము మారుచున్న కాలములో అట్టముక్క మార్చుట మరచుట సహజము. కాని ఆ అట్టను చూచియే చేయి చాచువారు, కళ్లజోడు లేక పొట్లముమీది సన్నని అచ్చు చదువలేనివారు, మన పల్లెలలో అనేకులు. వారికి ఆ ఎఱ్ఱసిరా అంకెయే ధర. కొనువారును ఒకటి తలపవలెను. కౌంటరులోని కుర్రవాడు ధర నిర్ణయించినవాడు కాడు. మెల్లగా అడిగిన మాటకే అతడు యజమానిని పిలుచును.

ఆనాడు జరిగినదియు అదే. కేకలు విని లోపలినుండి యజమాని వచ్చి, అరవద్దకు పోయి, అట్టను చదివి చూచినాడు. “అట్ట మాది, పొరపాటూ మాదే పెద్దమ్మా. రాసిన రేటుకే తీసుకుపో” అన్నాడు. చట్టము అతనిని అంతవరకు నిర్బంధించునో లేదో అతడు ఆలోచింపలేదు. తన చేతివ్రాతను తాను కాదనలేదు. కుర్రవాడు పాత బిల్లు కొట్టివేసి 256 రూపాయలకు క్రొత్త బిల్లు ఇచ్చినాడు. ఆమె దానిని మడిచి చిల్లరతోబాటు కొంగున ముడివేసికొని బస్సునకు నడచినది. మేము మా సరకులతో కౌంటరు చేరునప్పటికి, కుర్రవాడు ఆ అట్టను ఊడదీసి ప్రక్క అరకు అతికించుచుండెను.