పదవ తరగతి పిమ్మట ఆరేండ్ల కంప్యూటరు విద్య

పదవ తరగతి ఫలితములు వెలువడు దినములలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు గ్రామములకు రెండు విధములైన బేరగాండ్రు వత్తురు. ఇండ్లలోను గిడ్డంగులలోను మిగిలియున్న శనగల కొఱకు వచ్చువారొకరు. పిల్లల కొఱకు వచ్చు ప్రైవేటు కళాశాలల మనుష్యులు రెండవవారు. శనగల ధర అడిగినవారితో గంటసేపు బేరమాడు రైతు, పిల్లవానిని అడిగినవారికి మాఱుమాట లేక తల యూపుట మేము పెక్కుచోట్ల చూచియున్నాము. రెండేండ్ల ఇంటర్మీడియెటుకు, వసతిగృహమునకు, కోచింగునకు కలిపి వారు చెప్పు మొత్తము చిన్న రైతు ఏడాది రాబడిని మించుట కలదు. ఆ సొమ్ము ఎచ్చటనుండి వచ్చును? పంటకై సంఘమునందు తీసికొన్న అప్పులోనుండి కొంత, నగలు కుదువబెట్టి కొంత, నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి ఊరిలో తెచ్చినది కొంత. విత్తనపు సొమ్ము ఫీజునకు పోయిన యేడు చేను ఎట్లుండునో సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. సంఘపత్రికయందు చదువుల ప్రసంగమేల యని యడుగువారికి ఇదియే మా సమాధానము.

కంప్యూటరు విద్య కోరు పిల్లలకు ఈ త్రోవ యొక్కటియే కాదు. 2008వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టముచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. జనులు దీనినే ట్రిపుల్ ఐటీ యందురు. కృష్ణా ప్రాంతమున నూజివీడు, ఆదిలాబాదు ప్రాంతమున బాసర, కడప జిల్లాలో ఇడుపులపాయ అను మూడుచోట్ల ఆ యేడే తరగతులు ఆరంభమైనవి. 2014లో రాష్ట్రము విడిపోగా బాసర తెలంగాణకు చెందినది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళము శాఖలు చేరినవి. మన జిల్లావారికి దగ్గఱిది ఇడుపులపాయ.

ఈ విద్యాలయపు విశేషమేమన, ఇంటర్మీడియెటు ముగించినవారిని గాక పదవ తరగతి ముగించినవారిని చేర్చుకొనును. చదువు మొత్తము ఆరేండ్లు. మొదటి రెండేండ్లకు పి.యు.సి. యని పేరు; తక్కిన నాలుగేండ్లు బి.టెక్. మన ముదుసలివారికి పి.యు.సి. యను మాట క్రొత్తది కాదు. రెండేండ్ల ఇంటర్మీడియెటు రాకపూర్వము హైస్కూలు ముగించి కళాశాలలో చదివిన ఒక్క యేటి చదువునకు ఆ పేరే యుండెడిది. ఇప్పటి పి.యు.సి.లో గణితము, భౌతిక రసాయన శాస్త్రములు, ఇంగ్లీషు, తెలుగు, వీనితోపాటు కంప్యూటరు పాఠములును చెప్పుదురు. ఇది ముగిసినపిమ్మట ఆ రెండేండ్ల మార్కులనుబట్టి కంప్యూటరు, ఎలక్ట్రానిక్సు, సివిల్, మెకానికల్ మొదలగు శాఖలలో ఒకటి దొరకును. కంప్యూటరు శాఖకు పోటీ హెచ్చు. కావున చేరినంతమాత్రమున కంప్యూటరు చదువు చేతికి వచ్చినట్లు కాదు. ఆ రెండేండ్లలో పిల్లవాడు దానిని సంపాదించుకొనవలెను. ఈ సంగతి చెప్పకయే పిల్లలను పంపు తండ్రులు కలరు.

"రెండేండ్లు ఊరక పోవునే, నేరుగా కంప్యూటరే చెప్పరాదా?" యని ఒక సభ్యుడు మమ్మడిగెను. కె.సి. కాలువ క్రింద వరి పెట్టువారికి ఈ ప్రశ్న రాకూడదు. నారుమడిలో గడచిన దినములు వ్యర్థములని ఏ రైతును అనడు. లేత నారును తొందరపడి పీకి నాటిన మడి ఎట్లుండునో ఆయనకు తెలియును. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగున చదివిన పిల్లవాడు ఒక్కసారిగా ఇంగ్లీషులో యంత్రశాస్త్రము విన్నచో, తెలివి కలిగియు తెల్లబోవును. భాష కుదురుటకును, లెక్క గట్టిపడుటకును, ఇల్లు విడిచియుండుట అలవడుటకును ఆ రెండేండ్లు పట్టును. ఇంగ్లండు దేశపు విశ్వవిద్యాలయములు సైతము తగిన పునాది లేని విద్యార్థులకు మూడేండ్ల డిగ్రీకి ముందు ఒక పునాది సంవత్సరము పెట్టుచున్నవి. అచ్చటికి పంపెదమని పొలము తాకట్టు పెట్టించు ఏజెంట్లును ఈ నడుమ మన పట్టణములలో కనబడుచున్నారు. ఆ పునాది యేడు డిగ్రీ కాదనియు, దానికిని వేఱుగ ఫీజు కట్టవలెననియు, పరదేశపు విద్యార్థికి ఆ ఫీజు స్థానికులకన్న హెచ్చనియు దస్తావేజుపై చేవ్రాలు చేయుటకు ముందే తెలిసికొనవలెను.

ఇక ఈ కంప్యూటరు విద్య ఎట్టిదో, మన సంఘపు లెక్కతోనే చూపెదము. ఒక సభ్యుడు 60,000 రూపాయలు పంట అప్పు తీసికొనెను. వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వము నూటికి 3 తగ్గించును గాన పడునది 4. సంవత్సరమునకు గడువు మీఱినవాని వడ్డీ 4,200 రూపాయలు. మీఱనివాని వడ్డీ 2,400. తేడా 1,800. రాష్ట్రమిచ్చు రాయితీల మాట అటుంచుదము. ఈ లెక్కను యంత్రముచే చేయింపవలెనన్నచో, "చెల్లించిన తేదీ గడువు తేదీకి లోపలనా, వెలుపలనా?" యను ప్రశ్న మొదట వ్రాయవలెను, లోపలనైన ఒక దారి, వెలుపలనైన మఱియొక దారి. ఇంతవరకు ఎవరైనను వ్రాయగలరు. గడువు దినము ఆదివారమైనచో? సగము అప్పు గడువులో, సగము గడువు తరువాత కట్టినచో? సభ్యుడు చనిపోయి కుమారుడు కట్టినచో? యంత్రమునకు తనంతట తోచదు. ముందుగా ఎవరో ఒకరు ఆలోచించి చెప్పియుండవలెను. ఆలోచింపనినాడు ఆ 1,800 రూపాయలు రైతు నెత్తిన పడును. అడిగినచో "కంప్యూటరులో అట్లే వచ్చుచున్నది" యను జవాబు దొరకును. ఈ జవాబు మనలో అనేకులు అడంగలు నకలు కొఱకు పోయినప్పుడును, ఈ-పంట నమోదులో ఎకరములు తప్పిపోయినప్పుడును వినియేయున్నారు.

తప్పు యంత్రముది కాదు. గడువనగా రైతునకు ఏమో, కళ్లములో నున్న ధాన్యము అమ్ముడుపోకున్న గడువెట్లు దాటునో ఎఱుగనివారు ఆ ప్రశ్నలను వ్రాసిరి. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను ఒకే విధమైన కంప్యూటరు ఏర్పాటులోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఇన్ని సంఘముల చిట్టాలు యంత్రములోనికి పోవునప్పుడు, చిట్టా తెలిసినవారు, యంత్రము తెలిసినవారు వేఱువేఱుగ నుండుట మంచిది కాదు. రెండును తెలిసినవారు కావలెను. అట్టివారు శనగచేనిలో కలుపు తీసి, పదవ తరగతి చదివి, ఆరేండ్లు ఈ విద్య నేర్చిన పిల్లలలోనుండియే రావలెనని మా యభిప్రాయము.

ఇది అసాధ్యమని తోచువారు ఈ విశ్వవిద్యాలయపు మొదటి చాన్సలరు చరిత్ర చూడవచ్చును. రాజ్ రెడ్డిగారు 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున వ్యవసాయ కుటుంబములో జన్మించిరి. మద్రాసు గిండీ కళాశాలలో 1958లో పట్టము పొందిన చదువు సివిల్ ఇంజనీరింగు. కంప్యూటరు చదువు అటు పిమ్మటిది. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో డాక్టరు పట్టము గ్రహించి, మనుష్యుని మాటను యంత్రము గ్రహించు విధమును గూర్చి పరిశోధించిరి. 1994లో కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదగు ట్యూరింగ్ బహుమానము వారికి, మఱియొక శాస్త్రజ్ఞునికి కలిపి లభించినది. వారికి ముందు ఆసియా ఖండమున పుట్టినవారెవ్వరును దానిని పొందలేదు.

కష్టములను దాచుట మాకిష్టము కాదు. వేలమంది పిల్లలు ఒక్కచోట నుండు వసతిగృహములలో అన్నము ఇంటి అన్నము కానేరదు. 2022 జూన్ మాసమున బాసరలో విద్యార్థులు భోజనము, వసతులు, అధ్యాపకుల నియామకము మొదలగు కోరికలతో ఎండయనక వానయనక దినములతరబడి ఆవరణములో కూర్చుండిరి. పంపు తండ్రి నెలకొకమాఱైనను పోయి చూచిరావలెను. మొదటి ఆఱు నెలలు పిల్లవాడు "నాయనా, వచ్చేస్తా" నని ఫోనులో ఏడ్చును. ఆడపిల్లల విషయమున ఇంకొక చిక్కు. పి.యు.సి. ముగియగానే సంబంధము వచ్చినదని చదువు మాన్పించుట ఇంకను జరుగుచున్నది. ఆరేండ్లలో రెండేండ్లు చదివించి నాలుగేండ్లు మాన్పించుట, నారు పోసి నాటకుండుటయే. అయితే నిజముగా విడువవలసి వచ్చినవారికి పి.యు.సి. ఇంటర్మీడియెటుతో సమానముగ చెల్లుననుట ఒక ఊరట.

చేరుటకు పదవ తరగతి మార్కులే ఆధారము. పరీక్షలు జరుగని 2020, 2021 సంవత్సరములలో మాత్రము వేఱుగ ప్రవేశపరీక్ష పెట్టిరి. ప్రభుత్వ, జిల్లా పరిషత్తు పాఠశాలలవారికి నూటికి 4 చొప్పున మార్కులు కలిపి లెక్కించు పద్ధతి కలదు. పట్టణపు ప్రైవేటు పాఠశాలకు మార్చిన పిల్లవానికి ఈ లాభము పోవునని గమనింపవలెను. ఇటీవలి ప్రకటనలలో ఫీజు పి.యు.సి.కి ఏటా 45,000, బి.టెక్‌కు 50,000 రూపాయలుగ నున్నది. ఆదాయపు హద్దుకు లోబడిన కుటుంబములకు ప్రభుత్వపు ఫీజు సహాయము వర్తించును. నియమములు ఏటేటా మాఱును గాన ఆ యేటి ప్రకటననే నమ్మవలెను.

సీటు రానివారు నిరాశపడనక్కఱలేదు. పాలిటెక్నిక్కులో మూడేండ్ల డిప్లమా చదివి, ఈసెట్ వ్రాసి, ఇంజనీరింగు రెండవ యేటిలో చేరుదారి కలదు. ఇదియు ఒక విధమైన పునాదియే. చేతిపని ఇష్టపడువారికి మేలైనది కూడ. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివి ఈఏపీసెట్ వ్రాయువారికి నంద్యాలలోనే ఇంజనీరింగు కళాశాలలు కలవు.

ధ్రువపత్రములలో ఆలస్యమగునది ఆదాయపు పత్రము, కుల పత్రము. ఫలితములు వచ్చినపిమ్మట అందఱును ఒక్కమాఱు పోవుటచే సచివాలయమున పది దినములు తిరుగవలసి వచ్చును. మార్చి మాసముననే తెచ్చియుంచుకొనుట మంచిది. పాఠశాలలో చదివిన పత్రము ప్రధానోపాధ్యాయునియొద్ద అడుగవలెను. పిల్లవానిని చేర్చుటకు పోవువారు నంద్యాలలో ఎర్రగుంట్ల రైలు పట్టుకొనవచ్చును. ఈ మార్గమున 2016 నుండి బండ్లు నడచుచున్నవి. ఎర్రగుంట్లనుండి వేంపల్లె మీదుగ ఇడుపులపాయకు బస్సుదారి. ఆళ్లగడ్డవారికి రైలు లేదు గాన మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగ బస్సులోనే పోవలెను. పెట్టె, పఱుపు, బకెట్టు తోడుండును గనుక తెల్లవాఱు బండికే బయలుదేరుట మేలు.