పంటి పుట్టుకయు, త్రాగునీరును



పండ్లు కదలు ప్రాయమున పంటి పుట్టుకను గూర్చి వినవలెనా యని మీలో పెద్దలు కొందరు నవ్వవచ్చును. నేను చెప్పబోవునది మన పండ్ల కథ కాదు. మన యిండ్లలో నాడుకొను మనుమల, మనుమరాండ్ర పండ్ల కథ. పాలపండ్లు నవ్వుచుండగనే వాని క్రింద, చిగుళ్ల లోపల, స్థిరదంతములు కట్టబడుచుండును. ఆ కట్టడము చెడినచో మరల కట్టుటకు వీలులేదు. కనుకనే ఈ ప్రసంగము.

బిడ్డ గర్భమునం దున్న ఆరవ వారముననే నోటి పైపొర కొన్నిచోట్ల దళసరియై, క్రింది మెత్తని పదార్థములోనికి మొగ్గవలె దిగును. ఆ మొగ్గ క్రమముగా టోపీ యాకారమును, పిదప గంట యాకారమును దాల్చును. పైపొరయు, క్రింది మెత్తనయు కలిసి పనిచేసిననే పన్ను పుట్టును. వీనియందు మూలకణము లనబడు జీవకణములు గలవు. మూలకణ మనగా ఇంకను వృత్తి నేర్వని కణము. అది తనవంటి కణములను పుట్టింపగలదు; తగిన సూచన యందినప్పుడు ఒక వృత్తియందు స్థిరపడనుగలదు.

ఆ సూచన యెక్కడనుండి వచ్చును? కొంత పొరుగు కణములు పంపు రసాయనములవలన. కొంత కణముల చుట్టునుండు అల్లికవలన. ఈ అల్లికను కణములే నేసికొనును. అది మాంసకృత్తులతో నైనది. చిక్కుడుతీగకు పందిరి యెట్లో, కణమునకు ఈ అల్లిక యట్లు: ఊతయు నిచ్చును, దారియు చూపును.

పైపొరకును క్రింది మెత్తనకును నడుమ ఇట్టి పలుచని తెర యొకటి గలదు. లామినిన్, కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ అను మాంసకృత్తులు అచ్చట నుండును. క్రింది కణములు ఆ తెరను పట్టుకొని, బారులు తీరి, నిలువుగా సాగి, డెంటిను కట్టు పనివాండ్రగును. డెంటి ననగా పంటిలో పింగాణి క్రిందనుండు గట్టి భాగము. ఈ కణములు మొదట కొల్లాజెన్ వలను పరచును. అందు సున్నము, భాస్వరము కలిసిన లవణములు చేరి గట్టిపడును. అంతట నడిమి తెర కరగిపోవును. పైపొర కణములు డెంటినును తాకి, పింగాణిని కట్ట నారంభించును.

పింగాణిని కట్టుట యిల్లు కట్టుట వంటిదే. మొదట అమెలోజెనిన్ అను మాంసకృత్తు పరంజావలె నిలుచును. దాని నడుమ ఖనిజ స్ఫటికములు పెరుగును. పిదప కొన్ని ఎంజైములు ఆ పరంజాను విప్పివేయగా, ఖాళీయైన చోటెల్ల స్ఫటికములే నిండును. పూర్తియైన పింగాణిలో తూకమునకు 100కి 96 పాళ్లు ఖనిజమే. కట్టిన కణములు మాత్రము పన్ను బయటబడునప్పటికే నశించును. కావున లోపమున్నచో దిద్దువారు దేహమున లేరు.

నీటిలో ఫ్లోరైడు మితిమీరినచో పరంజాను విప్పు పని మందగించును. స్ఫటికములు నిండవలసిన చోట సందులు మిగులును. పన్ను సుద్దవలె తెల్లబారును, గోధుమరంగు చారలు పడును, గుంటలు పడును. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లా తరములుగా దీనిని అనుభవించినది. అచ్చట ఎముకలు వంగినవారును గలరు. స్వల్పముగా నున్న ఫ్లోరైడు పంటికి మేలే చేయును. మితి మీరుటయే దోషము. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారత ప్రమాణము.

నారాయణఖేడ్ ప్రాంతపు పెద్దలకు నా మనవి యిది. ఫ్లోరైడునకు రంగు లేదు. రుచిచే దానిని కనిపెట్టలేము. ఒక బోరునీటికిని ప్రక్క బోరునీటికిని భేద ముండవచ్చును. కావున పరీక్ష చేయింపక త్రాగరాదు. కాచిన ఫ్లోరైడు పోదు. నీ రావిరియైన కొలది చిక్కబడును. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకమువలన నదీజలము గ్రామములకు వచ్చినది. కుళాయినీరు చప్పగానున్నదని బోరునీటిని పసిపిల్లలకు పట్టకుడు. వేరు దారి లేనిచోట నల్లగొండ పద్ధతి గలదు: పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగుపాళ్లలో కలిపి, తేరిన నీటిని తీసికొనుట. పాళ్లు మాత్రము నీటిని పరీక్షించినవారే నిర్ణయింపవలెను.

2000వ సంవత్సరమున పెద్దవారి పంటి గుజ్జులోను, 2003లో ఊడిన పాలపండ్లలోను మూలకణములు గలవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వానికి తగిన అల్లిక నందిచ్చి పంటిని బాగుచేయు యత్నములు జరుగుచున్నవి. అయినను, సంపూర్ణమైన క్రొత్త పంటిని మొలిపించు చికిత్స యింకను సామాన్యునకు అందలేదు. జ్ఞానదంతములు తప్ప తక్కిన పండ్ల పింగాణి దాదాపు 8 ఏండ్ల ప్రాయమునకే కట్టబడును. ఆ యెనిమిదేండ్లు బిడ్డ త్రాగు నీటిని కనిపెట్టియుండుట యింటి పెద్దల చేతిలోని పని.