ఒక మల్గీకి ఎన్ని వరుసలు?

చార్మినార్ నుంచి మదీనా చౌరస్తా వైపు నడిస్తే పత్తర్‌గట్టి. రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానులు, వాటి వెనక వరుసగా మల్గీలు, అంటే కొట్లు. 1908 మూసీ వరదలో నగరం అతలాకుతలమయ్యాక, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కింద దుకాణాలు, పైన నివాసాలు ఉండేలా కట్టించిన బజారు ఇది. ఇక్కడి వాణిజ్య ఆస్తులన్నిటికీ డేటాబేస్ తయారుచేయమంటే చాలామంది ముందు ఎక్సెల్ షీటు తెరుస్తారు. డోర్ నంబరు, యజమాని, విస్తీర్ణం, అద్దె అని గడులు గీసి ఆస్తికో వరుస రాసుకుపోతారు. హైటెక్ సిటీలో ఒకే కంపెనీ కట్టిన టవర్‌కి ఆ పద్ధతి సరిపోవచ్చు. పాతబస్తీలో మొదటి కొట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ చూడగలిగే మల్గీ ఒకటి ఊహించుకోండి. కింద చీరల కొట్టు. లోపలి నిచ్చెన ఎక్కితే అటక మీద సరుకు. ఆ పైన దర్జీ. స్థలం వక్ఫ్‌ది, అంటే ధర్మకార్యానికి అంకితం చేసినది; బాగోగులు చూసేది ముతవల్లి. కిరాయి రసీదు ఇంకా తాత పేరునే వస్తోంది, కొట్టు మనవడు నడుపుతున్నాడు. అతను పగిడీ (ఒకేసారి ముట్టజెప్పే మొత్తం) తీసుకుని ముందు భాగంలో సగం గాజుల వ్యాపారికి ఇచ్చాడు. ఇప్పుడు ‘యజమాని’ గడిలో ఎవరి పేరు రాయాలి? ఎవరిది రాసినా మిగిలినవాళ్ల హక్కు కంప్యూటర్లో కనబడకుండా పోతుంది. రేపు ఆ ప్రింటు ఏ ఆఫీసులోనో సాక్ష్యమై కూర్చుంటుంది.

దీనికి దారి 1970లోనే దొరికింది. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతిలో సమాచారాన్ని విడివిడి పట్టికల్లో ఉంచి, వాటి మధ్య సంబంధాలు కలుపుతారు. భవనాలకొక పట్టిక, మల్గీలకొకటి, మనుషులకూ సంస్థలకూ ఇంకొకటి. అసలు ప్రాణం నాలుగోదైన హక్కుల పట్టికలో ఉంది. ఎవరికి, దేని మీద, ఏ రకం హక్కు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది అక్కడ రాస్తారు. కిరాయిదారు మారితే పాత పేరు చెరపరు, దానికి ముగింపు తేదీ వేసి కొత్త వరుస చేరుస్తారు. మన మల్గీకి ఇందులో కనీసం ఐదు వరుసలు పడతాయి.

తర్వాతి చిక్కు గుర్తింపు. పాతబస్తీ డోర్ నంబర్లో వార్డు, బ్లాకు, ఇల్లు ఉంటాయి. భాగాలు పంచుకున్నకొద్దీ బై నంబర్లు తోక పట్టుకుని పెరుగుతాయి. అందుకే దాన్ని ప్రధాన గుర్తుగా పెట్టుకోకూడదు. జీహెచ్‌ఎంసీ ఇచ్చే పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు సంఖ్య) పన్ను లెక్కకు పనికొస్తుంది గాని, యాజమాన్యానికి రుజువు కాదు. దుకాణాల వార్షిక పన్నును విస్తీర్ణం, చదరపు అడుగుకు నెలసరి అద్దె విలువ, 3.5 గుణించి కడతారు కాబట్టి కొలతలు మాత్రం దానితో సరిచూసుకోవచ్చు. డేటాబేస్ తనకంటూ మారని సంఖ్య ఒకటి ఇచ్చుకుని, మిగతా నంబర్లన్నీ పాతవాటితో సహా పక్కన దాచుకోవాలి. ఉపగ్రహం చూపే ఒకే బిందువు మీద కొట్టు, అటక, దర్జీ గది మూడూ ఉంటాయి కనుక అంతస్తు కూడా రాయాలి. వరద తర్వాత లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన సర్వే పటాలను కింద పొరగా పరిస్తే, గోడ ఎక్కడ ముందుకు జరిగిందో కనిపిస్తుంది.

ఈ పని ఇక వాయిదా వేయగలిగింది కాదు. వక్ఫ్ ఆస్తుల వివరాలు, జియో ట్యాగింగ్‌తో సహా, నమోదు చేయడానికి కేంద్రం 2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ తెరిచింది. అద్దెల ఆదాయం మదీనా నగరానికి చేరాలన్న సంకల్పంతో వక్ఫ్ చేసిన మదీనా బిల్డింగ్ లాంటివి పాతబస్తీ వ్యాపారం నడిబొడ్డునే ఉన్నాయి. తొందరలో తప్పుగా ఎక్కిన వరుస వల్ల దాతల సంకల్పమూ దెబ్బతింటుంది, తరాలుగా కొట్టు నడుపుకునే కుటుంబమూ నష్టపోతుంది.

అందుకే ప్రతి వరుసకూ ‘ఆధారం’ అనే గడి తప్పనిసరి చేయాలని నా పట్టుదల. లీజు పత్రమా, రసీదా, కోర్టు ఉత్తర్వా, నోటిమాటా అన్నది అందులో రాయాలి. ‘వివాదంలో ఉంది’ అని రాసే వీలుండాలి. పాత కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. సర్వేకు వెళ్లే జట్టులో ఉర్దూ చదవగలిగినవాళ్లు ఒకరుండాలి, చదివిన పేజీ ఫొటో ఆ వరుసకే జతపడాలి.