గట్టు మీద కూర్చున్నవాడు

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మన పిల్లలు బడిలో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకొని పరుగెత్తుతూ ఆడతారు. జట్టుకు పదకొండుగురు. వారిలో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు సారథి వంటివాడు. బంతి ఎవరికి అందాలో క్షణంలో తేల్చి విసిరేది అతడే. ఆ స్థానంలో ఆడేది ఒక్కడే గనుక, రెండోవాడు ఎంత సమర్థుడైనా మొదటివానికి దెబ్బ తగిలితేనో, శిక్షకుని మనసు మారితేనో తప్ప గట్టు మీద కూర్చోవలసిందే. ఫ్రాంక్ రైక్ ఆటగాడిగా గడిపిన కాలంలో ఎక్కువ భాగం అలా కూర్చున్నవాడే.

1961లో పుట్టిన ఈయన పెన్సిల్వేనియాలోని లెబనాన్ అనే ఊళ్లో పెరిగాడు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బూమర్ ఎసయాసన్ అనే పేరుమోసిన ఆటగాని వెనుక నిరీక్షించి, తీరా తన వంతు వచ్చాక భుజానికి దెబ్బ తగిలి మళ్లీ గట్టు మీదికే చేరాడు. 1984 నవంబరు 10న మయామిలో జరిగిన ఆటలో మొదటి సగం ముగిసేసరికి మయామికి 31, మేరీలాండ్‌కు సున్నా. రెండో సగానికి శిక్షకుడు బాబీ రాస్ ఇతణ్ణి దింపాడు. మేరీలాండ్ 42-40తో గెలిచింది! కళాశాలల ఆటలో అంత వెనుకబడి గెలిచినవారు అప్పటికి లేరు.

1985లో బఫెలో బిల్స్ అనే వృత్తి జట్టు ఆయనను తీసుకుంది. అక్కడ ముందున్నవాడు జిమ్ కెల్లీ. ఏండ్ల తరబడి అదే గట్టు. 1993 జనవరి 3న కెల్లీ గాయపడి ఉండగా హ్యూస్టన్‌తో ఆట. రైక్ విసిరిన బంతి ఒకటి శత్రుపక్షం చేతిలో పడి లెక్క 35-3 అయింది. చూడవచ్చినవారు కొందరు లేచి ఇంటిదారి పట్టారు. వారు ఎంత చింతించి ఉంటారో! బఫెలో అదనపు సమయంలో 41-38తో గెలిచింది. విలేఖరులు చుట్టుముట్టినప్పుడు రైక్ తన గొప్ప చెప్పుకోలేదు. ఆ వారమంతా వింటూ వచ్చిన ఒక క్రైస్తవ గీతంలోని మాటలు చదివి వినిపించాడు.

అయితే కథ ఇక్కడే ఆపి చెప్పేవారు చాలామంది ఉన్నారు. అది న్యాయం కాదు. అదే నెల 31న అంతిమ పోటీలో కెల్లీ మళ్లీ గాయపడితే రైక్ దిగాడు. ఆ రోజు జట్టు 52-17తో చిత్తుగా ఓడింది. విశ్వాసి దిగిన ప్రతి ఆటా గెలుపు కాదని మన యువకులకు ముందే చెప్పాలి.

ఆట మానాక వేదాంతం చదివి, 2003 నుండి 2006 వరకు షార్లెట్ నగరంలోని రిఫార్మ్‌డ్ థియలాజికల్ సెమినరీ శాఖకు అధ్యక్షుడుగా ఉన్నాడు. కొంతకాలం సంఘ కాపరిగానూ పనిచేశాడు. తరువాత మైదానానికి తిరిగి వెళ్లాడు, అదీ చిన్న ఉద్యోగంతో. సేవను విడిచిపెట్టాడనేవారు మనలోనూ ఉంటారు. నాకు అలా తోచదు. 2017లో ఫిలడెల్ఫియా జట్టుకు శిక్షకులలో ఒకడుగా ఉండగా మొదటి క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు దెబ్బతింది. రెండోవాడు నిక్ ఫోల్స్ దిగాడు. రెండోవాని గుండెలో ఏముంటుందో రైక్‌కు ఒకరు చెప్పాలా? ప్రధాన శిక్షకుడు డగ్ పీడర్సన్ కూడా ఒకప్పటి రెండోవాడే. 2018 ఫిబ్రవరి 4న ఆ జట్టు 41-33తో అంతిమ పోటీ గెలిచింది. ఉత్తమ ఆటగాడు ఫోల్స్.

వెంటనే ఇండియానాపొలిస్ జట్టు ఆయనను ప్రధాన శిక్షకుడుగా పిలిచింది. ముందు ఒప్పుకున్నవాడు మాట తప్పాక వచ్చిన పిలుపు అది, అక్కడా రెండోవాడే! 2022 నవంబరు 7న తొలగించారు. సరిగ్గా నలభై రోజులకు అదే జట్టు 33-0తో ముందుండి మిన్నెసోటా చేతిలో ఓడింది. రైక్ పేర ముప్పై ఏండ్లుగా నిలిచిన ఆ రికార్డు అలా చెరిగిపోయింది. 2023లో కెరొలైనా జట్టు పదకొండు ఆటలకే ఇంటికి పంపింది. 1995లో ఆ జట్టు మొట్టమొదటి ఆటకు క్వార్టర్‌బ్యాక్ ఆయనే.

2025లో, అరవై మూడేండ్ల వయసులో, ఇండియానాపొలిస్‌లో తన వద్ద ఆడిన ఆండ్రూ లక్ పిలిస్తే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కుర్రవాళ్లకు శిక్షకుడయ్యాడు. ఒక్క సంవత్సరానికే అని ముందే ఒప్పందం. పన్నెండు ఆటల్లో నాలుగు గెలిచారు. ఆ తరువాత స్థానం మరొకరికి ఇచ్చారు.