ఏ.సి. చల్లబడకపోతే గ్యాసొక్కటే కారణం కాదు

గుడివాడ: ఎండలు ముదిరాయంటే ఏ.సి. చల్లబడని బాడుగ కారుకు బేరం పోయినట్లే. వెంటనే గ్యాసు పట్టించడం చాలామందికి అలవాటు. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే. ఆ లీకు మూయకుండా నింపితే డబ్బు దండగ.

గాలి విసురే తగ్గితే ఫిల్టరు దుమ్ముతో పూడిందేమో చూడాలి. గాలి వస్తున్నా చల్లగా లేకపోతే రేడియేటరు ముందున్న కండెన్సరు చూడాలి. దాళ్వా కోతల్లో ఎగిరే ఊక, దుమ్ము దానికి పట్టేస్తాయి. ఇంజను చల్లారాక మెల్లని నీటిధారతో కడిగితే పోతాయి. నడుస్తుంటే చల్లగాలి, ఆగితే వేడిగాలి వస్తుంటే ఫ్యాను పరీక్షించుకోవాలి.

గొట్టాలు విప్పడం మాత్రం మెకానిక్కు పని. చౌకని వంటగ్యాసు ఎక్కిస్తే కారుకే కాదు, అందులోని వారి ప్రాణాలకూ ముప్పు.